ఖోఖో మేడం ఆడించిన పాటల నాటకం

కుసుమ మేడం కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు ఆ బడిలో తక్కువ. స్టాఫ్ రూంలో ఆమెకంటూ ఒక కుర్చీ ఉండేది గానీ, దాని మీద ఎప్పుడూ వాలీబాల్ నెట్టో, పంపు పోయిన బంతులో పడి ఉండేవి. టీ నిలబడే తాగేది. హాజరు పట్టీలో సంతకం కూడా వంగి, ఒక కాలు గుమ్మం వైపు పెట్టుకునే చేసేది. కాపురం మదనపల్లెలో. పొద్దున్నే బస్సెక్కి పుంగనూరులో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో పక్క పల్లెలోని హైస్కూలుకు వచ్చేది. బస్సులో సీటు దొరికినా పుంగనూరు ఇంకా ఎంతో దూరం ఉండగానే లేచి తలుపు దగ్గర నిలబడేది. కండక్టర్లకు అది అలవాటైపోయింది.

పుట్టింది కుప్పంలో. నాన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ మిషను మీద పనిచేసేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగళూరు రైలెక్కితే కన్నడం. మూడు భాషల్లోనూ గట్టిగా అరవగలిగిన పిల్ల కాబట్టి ఖోఖో ఆటలో ఆమె గొంతే ముందు వినిపించేది. రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. యూనివర్సిటీ పోటీల్లో మోకాలు తిరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు నడవొచ్చన్నాడు, పరుగెత్తొద్దన్నాడు. ఆ తర్వాత వ్యాయామ ఉపాధ్యాయురాలి ఉద్యోగం రావడానికి చాలా ఏళ్లే పట్టింది. వచ్చినప్పటి నుంచీ తను పరుగెత్తలేని పరుగంతా పిల్లల చేత పెట్టిస్తూ ఉంది.

అలాంటి మనిషి చేతికి పాటల నాటకం వచ్చింది.

ఆ నాటకం తెలుగు సారు గంగాధర్‌ది. కథ ఆయనే రాశాడు, పాటలు ఆయనే కట్టాడు. గౌరి అనే పిల్ల తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ పుంగనూరు సంతకు, అక్కడి నుంచి మదనపల్లె టమాటా మార్కెట్టుకు, చివరికి కుప్పం రైల్వే స్టేషన్‌కు పోతుంది. కనిపించిన ప్రతి మనిషినీ పాటతోనే అడుగుతుంది, వాళ్లూ పాటతోనే జవాబిస్తారు. గడ్డిమోపుల వెనక పడుకున్న దూడ ఆఖరి పాటలో దొరుకుతుంది. పిల్లలు పాటలన్నీ నేర్చుకున్నాక గంగాధర్ సారుకు వెంకటగిరికోట వైపు బదిలీ అయింది. బాలల నాటక పోటీకి బడి పేరు అప్పటికే ఇచ్చేశారు.

హెడ్మాస్టరు మునెయ్య వరండాలో కుసుమను ఆపాడు.

"మేడం, ఆ నాటకం మీరు చూసుకోవాల."

"నాకు పాట రాదు సార్. ప్రార్థనలో కూడా పెదాలే ఆడిస్తాను."

"మీకు రాకపోయినా పిల్లలకొచ్చు గదా. వాళ్లని ఒక చోట చేర్చి నిలబెట్టేవాళ్లు కావాల, అంతే."

"నిలబెట్టడమే సార్ నా చేత కాదు."

మునెయ్య నవ్వి వెళ్లిపోయాడు. ఆమె నిజమే చెప్పిందని ఆయనకు తర్వాత తెలిసింది.

ఆఖరి పీరియడ్‌లో పిల్లలు అర్ధచంద్రాకారంలో నిలబడి, చేతులు ముందుకు కట్టుకుని పాడారు. లోకేష్ అనే పిల్లాడు పక్కన కూర్చుని కంజీర వాయించాడు. గౌరి వేషం తొమ్మిదో తరగతి అశ్వినిది. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. మనిషి సన్నగా ఉంటుంది గానీ, నోరు తెరిస్తే గొంతు గోడ అవతలికి పోతుంది.

"సూసినారా అప్పా మా ఎర్ర దూడని,
సెవి మింద సుక్కుండే సిన్న దూడని..."

పాట బాగుందని కుసుమకే తెలిసింది. కానీ రెండో చరణం వచ్చేసరికి ఆమె కాళ్లు నిలవలేదు. పిల్లల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"అమ్మా అశ్వినీ, నువ్వు దూడ పోగొట్టుకున్న పిల్లవా, ఫోటో దిగేదానికి వచ్చిన పిల్లవా?"

"కదలొద్దన్నాడు మేడం గంగాధర్ సారు. కదిలితే శ్రుతి పోతాదంట."

"మీ ఇంట్లో గొర్రె తప్పిపోతే నిలబడుకుని పిలుస్తారా?"

అశ్విని ఆలోచించింది. "లేదు మేడం. మా అవ్వ పరిగెత్తుకుంటానే అరుస్తాది."

"అట్లే పాడు మరి."

ఆ రోజు నుంచి నాటకం తరగతి గదిలో నుంచి గ్రౌండులోకి వచ్చింది. గౌరి పరుగెత్తాలి, సంత పరుగెత్తాలి, టమాటా బుట్టలు మోసేవాళ్లు పరుగెత్తాలి. మొదట్లో పిల్లలకు ఊపిరి అందక చరణం మధ్యలో మాటలు తెగిపోయేవి. కుసుమ వాళ్ల చేత గ్రౌండు చుట్టూ పాడుతూ పరుగు పెట్టించింది. పల్లెలకు పోయే బస్సు హారను వినపడగానే సగం మంది సంచులు తీసుకుని గేటు వైపు పరుగెత్తేవాళ్లు. పాట ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. తెగిన పాట ఆమెను ఇంటి దాకా వెంటాడేది. మదనపల్లెలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే భర్త దిలీప్ అన్నం పెట్టి పిలిస్తే, ఆమె పళ్లెం చేత్తో పట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ తినేది.

"కూర్చోని తినొచ్చు గదా," అనేవాడు దిలీప్.

"రైల్వే స్టేషన్ సీను కుదరడం లేదు," అనేది ఆమె, అదే జవాబన్నట్టు.

గంగాధర్ సారుకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టి, పిల్లల పరుగు పాట వినిపించింది.

"నేను రాసింది పాట మేడం. మీరు దాన్ని స్పోర్ట్స్ మీట్ చేస్తాండారు."

"పోనీ, నిలబెట్టి పాడించమంటారా?"

ఆయన మళ్లీ వినిపించమన్నాడు. విన్నాక, "స్టేషన్ పాటలో మూడో చరణం ఒక్కటి నిదానంగా పోనీండి. మిగతాది మీ ఇష్టం," అన్నాడు.

మదనపల్లెలో జరిగిన తొలి పోటీలో ఈ నాటకం ఎంపికైంది. అశ్విని వేదిక మీద ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తుతూ పాడుతుంటే, ముందు వరుసలో ఉన్నవాళ్లు తలలు తిప్పుతూ చూశారు. తుది పోటీ కుప్పంలో అన్నారు. తిరుగు బస్సులో పిల్లలు అరిచీ పాడీ నిద్రపోయారు. కుసుమ తలుపు దగ్గర నిలబడి, కుప్పం వేదిక ఎంత వెడల్పు ఉంటుందో అని లెక్కలు కట్టుకుంది.

ఆ తర్వాతి వారం అశ్విని బడికి రాలేదు.

ఊళ్లో ఆరా తీస్తే సంగతి తెలిసింది. వాళ్లమ్మ మునిరత్నమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కోతలైన పొలాల్లో మంద కట్టడానికి తండ్రి చెన్నప్ప గొర్రెల్ని వెంకటగిరికోట వైపు తోలుకుపోయాడు. రాత్రిపూట మంద ఉన్న పొలానికి ఎరువు దక్కుతుంది గనక రైతులు పిలిచి మరీ కట్టించుకుంటారు. ఏటా వెంట పోయే తల్లి ఈసారి కదల్లేకపోయింది. వంటకూ, గొర్రెపిల్లల్ని కనిపెట్టుకోవడానికీ అశ్వినిని తీసుకుపోయారు.

ఆదివారం కుసుమ దిలీప్ స్కూటరు తీసుకుని బయల్దేరింది. పుంగనూరు, పలమనేరు దాటి, దారి అడుగుతూ అడుగుతూ పోయి, రాగి కోసిన ఒక చేనులో వాళ్లను పట్టుకుంది. అశ్విని ఒళ్లో గొర్రెపిల్లను పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. నాయనమ్మ దొడ్డమ్మ మూడు రాళ్ల పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది.

చెన్నప్ప కంబళి పరిచి కూర్చోమన్నాడు. ఆమె నిలబడే మాట్లాడింది.

"అన్నా, కుప్పం పోటీ దాకా పాపను పంపించు. మా ఇంట్లో పెట్టుకుంటాను."

"పంపకూడదని లేదు మేడం. మా యమ్మకి కండ్లు సరిగా కనపడవు, నేను గొర్రెల ఎనకాల పోతే ఈడ ఎవురుండాల? ఈనేకాలమిది. సీకట్లో పిల్ల పుట్టి సచ్చిపోతే నేనేం సేసేది?"

"అన్ని రోజులు ప్రాక్టీసు చేసిండాది."

"తెలుసు మేడం. గొర్రెల కాడ గూడా పాడతానే ఉండాది."

ఆ మనిషి మాటలో మొండితనం లేదు. ఉండి ఉంటే కుసుమకు పోట్లాడటానికి వీలుండేది. దొడ్డమ్మ సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి, "తిని పోమ్మా," అంది. కుసుమ నిలబడే రెండు ముద్దలు తిని బయల్దేరింది.

అశ్విని స్కూటరు దాకా వెంట వచ్చింది.

"మేడం, నా పాట ఎవురికీ ఇయ్యొద్దండి. కుప్పం ఈడికి దగ్గరే. ఆ పొద్దుకి నేనెట్లన్నా వస్తా."

కుసుమ అప్పటికే హెల్మెట్ పెట్టుకుని తాళం తిప్పింది. మనసులో తర్వాతి రోజు ప్రాక్టీసు తిరుగుతోంది. "సరేలేమ్మా," అని బండి కదిలించింది.

ఆ మాటకు అర్థమేమిటో పలమనేరు దాటాక గానీ ఆమెకు తట్టలేదు. వస్తానన్న పిల్ల రాకపోతే ఏం చేయాలి? వచ్చినా, అన్నాళ్లు పరుగు లేకుండా ఎలా పాడుతుంది? మిగతా పిల్లలు ఎవరిని చూసి ఆడాలి? ఆ పాత్ర ఇంకొకరికి ఇద్దామంటే అన్ని పాటలూ మోయగల గొంతు ఇంకొకటి లేదు. తొమ్మిదో తరగతి భార్గవి సగం దాకా పాడుతుంది, పై స్థాయిలో గొంతు చీలిపోతుంది. మిగతావాళ్లు ఒక్కో పాట అయితే నెట్టుకొస్తారు.

సోమవారం గ్రౌండులో ఎనిమిది మంది ఆడపిల్లల్ని ఖోఖో వరుసలో కూర్చోబెట్టింది, ఒకరి ముఖం ఇటు, ఒకరి ముఖం అటు.

"భార్గవీ, నువ్వు గౌరివి. సంత దాకా పాడు. ఊపిరి అయిపోయేలోపల ఇంకొకరి వీపు తట్టి ఖో అను. తట్టించుకున్నది లేచి గౌరి అవుతుంది. నువ్వు దాని చోట్లో కూర్చో."

"అప్పుడు గౌరి ఎవరు మేడం?" అని అడిగింది భార్గవి.

"ఎవరు పరుగెత్తుతుంటే వాళ్లు."

పిల్లలకు ఆట తెలుసు కాబట్టి నాటకం ఒంటబట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. కూర్చున్నవాళ్లే సంత, కూర్చున్నవాళ్లే టమాటా బుట్టలు, కూర్చున్నవాళ్లే రైలు పెట్టెలు. గౌరి మెడలో ఒక ఎర్ర తువ్వాలు వేశారు. వీపు తట్టగానే తువ్వాలు చేతులు మారుతుంది. కుప్పం సీనులో తమిళం, కన్నడం కలిసిన మాటలు కుసుమే నేర్పింది. అన్నాళ్లూ వెనక వరుసలో బుట్టలు మోసిన పిల్లలు గౌరిగా లేచేటప్పుడు వాళ్ల ముఖాలు చూసి ఆమెకు ఉత్సాహం పట్టరానంత వచ్చింది. ఆ ఉత్సాహంలో అశ్విని మాట వెనక్కి పోయింది. ఫోన్ చేసి చెప్పాలని ఒకటి రెండుసార్లు అనుకుంది. చెన్నప్ప ఫోన్ కలవలేదు. మళ్లీ ప్రయత్నించలేదు.

కుప్పంలో పోటీ ఒక కల్యాణ మండపంలో జరిగింది. పిల్లలు వెనక గదిలో ముఖాలకు పౌడర్ రాసుకుంటుండగా అశ్విని వచ్చింది. చేని దుమ్ము ఇంకా కాళ్ల మీదే ఉంది. పక్కన దొడ్డమ్మ, చేతిలో గుడ్డసంచి. తెల్లారకముందే లేచి వండిపెట్టి, చెన్నప్పను ఒక పూట మంద దగ్గరే ఉండమని ఒప్పించి, వెంకటగిరికోటలో బస్సెక్కి వచ్చారు.

అశ్విని భార్గవి మెడలో తువ్వాలును చూసింది. తర్వాత మేడం వైపు చూసింది.

భార్గవే ముందు మాట్లాడింది. "మేడం, ఇప్పుడు ఆమె పాడితే మేమేం చేసేది? మళ్లీ బుట్టలు పట్టుకుని నిలబడుకోవాల్నా?"

ఎనిమిది మందిలో ఇద్దరు తలలు దించుకున్నారు. మిగతావాళ్లు దించుకోలేదు.

కుసుమ అశ్విని భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకుపోయింది.

"సరే అన్నారు గదా మేడం."

"అన్నాను."

"మల్ల?"

"ఆ మాట నిలబెట్టుకోలేదమ్మా. నువ్వొస్తావో రావో తెలియక వాళ్లకు పంచేశాను. ఈ గడియలో మారిస్తే ఎనిమిది మంది దెబ్బతింటారు. ఆఖరి పాట నువ్వు పాడు. అది ఇప్పిస్తాను."

"ముక్క నాకొద్దు మేడం."

మోకాలికి కట్టుతో బెంచీ మీద కాలు చాపుకుని, తన స్థానంలో ఆడిన పిల్ల ఫైనల్ గెలిపించడం చూసిన రోజు కుసుమకు బాగా గుర్తుంది. జట్టంతా గెలిచిన అమ్మాయిని ఎత్తుకుని తిరిగారు. ఎవరి తప్పూ లేదు. ఆ రాత్రి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ సంగతి ఇప్పుడు ఈ పిల్లకు చెబితే, చెప్పుకున్న తన మనసు తేలికపడుతుందేమో గానీ ఈ పిల్లకు ఒరిగేదేమీ లేదు. అందుకే చెప్పలేదు. లోపల బడి పేరు పిలిచారు.

నాటకం బాగా ఆడింది. వీపు తట్టినప్పుడల్లా ఒక కొత్త గౌరి లేచి పాట అందుకుంటుంటే, సభలో ఎవరు లేస్తారా అని ఎదురుచూసే ఆట మొదలైంది. భార్గవి గొంతు ఒకచోట చీలింది. చీలిన చోటే ఆమె పక్క పిల్లను తట్టింది, పాట కింద పడలేదు. కుసుమ తెర పక్కన నిలబడి మోకాలు నొప్పి పెట్టేలా కదులుతూనే ఉంది. చూపు మాత్రం వేదిక మీదా లేదు, పిల్లల మీదా లేదు. చివరి వరుసలో దొడ్డమ్మ పక్కన కూర్చున్న అశ్విని మీద ఉంది. ఆ పిల్ల పెదాలు కదలడం లేదు.

రెండో బహుమతి వచ్చింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గెంతుతున్నప్పుడు కుసుమ హాలంతా వెతికింది. గేటు దగ్గర దొడ్డమ్మ ఒక్కతే కనిపించింది.

"పాప బస్టాండు కాడికి పోయిండాది. నువ్వు ఎనకాల పోవద్దమ్మా."

"నా మీద కోపంగా ఉందా అవ్వా?"

"ఉండకుండా ఉంటాదా? పిల్లోల్లు బాగా ఆడినారు. నా కండ్లకి అంతగా ఆనలేదు గానీ ఇంటాంటే తెలస్తాంది గదా. అది లేకున్నా బాగా ఆడినారు సూడు, అదే దానికి నొప్పి."

ఆ మాట కుసుమను వదల్లేదు. బహుమతి షీల్డు బడికి చేరింది, మునెయ్య ప్రార్థనలో అందరి చేతా చప్పట్లు కొట్టించాడు, ఫోటో స్టాఫ్ రూం గోడకెక్కింది. ఆమె ఆ గోడ వైపు పోవడం మానేసింది. ఇంట్లో దిలీప్, "గెలిచినారు గదా, ఇంకేంది?" అన్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. అతను విని, "ఫోన్ చేసి కనుక్కుని ఉంటే సరిపోయేది," అన్నాడు. అంత చిన్న మాట. ఆమె మళ్లీ గదిలో అటూ ఇటూ నడక మొదలుపెట్టింది.

మునిరత్నమ్మ చెయ్యి కట్టు విప్పాక అశ్విని బడికి తిరిగి వచ్చింది. తరగతిలో మామూలుగానే ఉంది. ఆటల పీరియడ్‌లో మాత్రం కడుపునొప్పి అని చెట్టు నీడన కూర్చునేది. కుసుమ ఆ చుట్టుపక్కలే తిరిగేది, దగ్గరికి పోయేది కాదు. ఒకరోజు పోయి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"వార్షికోత్సవానికి నాటకం మళ్లీ వేయమంటున్నాడు హెడ్మాస్టరు. నువ్వు పాడతావా?"

అశ్విని గడ్డిపరక తుంచి పక్కన పడేసింది.

"నేనొక్కదాన్నే అయితే పాడతా. ఖో వద్దు. పరిగెత్తేది గూడా వద్దు. గంగాధర్ సారు నేర్పినట్ల నిలబడుకుని పాడతా."

పరుగు లేని గౌరి కుసుమకు నచ్చలేదు. అయినా కాదనలేదు. "వాళ్లని అడగాల," అంది.

భార్గవిని అడిగితే ఆ పిల్ల మిగతావాళ్ల ముఖాలు చూసింది. "కుప్పం మాకొచ్చింది గదా మేడం. ఇది ఆమెను పాడనీండి. మేము చుట్టూ పరిగెత్తుతాం." ఒక్క పిల్ల మాత్రం నాకిష్టం లేదంది. ఆమె వార్షికోత్సవం నాటకంలో చేరలేదు కూడా. కుసుమ బతిమాలలేదు.

వార్షికోత్సవం సాయంత్రం బడి గ్రౌండులో జరిగింది. మునిరత్నమ్మ ముందే వచ్చి ముందు వరుసలో కూర్చుంది. చెన్నప్ప మందను దొడ్లో కట్టేసి, కంబళి భుజాన వేసుకునే వచ్చాడు. గంగాధర్ సారు వెంకటగిరికోట నుంచి వచ్చాడు. వేదిక మధ్యలో అశ్విని నిలబడింది. చుట్టూ సంత పరుగెత్తింది, మార్కెట్టు పరుగెత్తింది, రైలు పరుగెత్తింది. ఆ పిల్ల మాత్రం ఒక్క అడుగు కదల్లేదు. చేతులు పక్కన వేలాడేసి, గ్రౌండు గోడ అవతల ఎవరినో పిలిచినట్టు పాడింది. తెర పక్కన కుసుమ వేళ్లు విజిల్ మీదికి రెండుసార్లు పోయాయి. రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. పరుగెత్తు అనడానికి ఆమెకు ఎక్కడా సందు దొరకలేదు. స్టేషన్ పాట మూడో చరణం నిదానంగా సాగుతుంటే, మునిరత్నమ్మ కట్టు విప్పిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని అలాగే వింటూ ఉండిపోయింది. చెన్నప్ప తల వంచుకున్నాడు.

దిగి వచ్చిన అశ్వినితో కుసుమ, "బాగా పాడినావు," అంది.

"పరిగెత్తలేదు గదా మేడం."

"లేదు. అయినా బాగుంది."

అశ్విని తలూపి వాళ్లమ్మ దగ్గరికి పోయింది. ఆ సంగతి మీద వాళ్లిద్దరి మధ్య అంతకంటే పెద్ద మాటలేమీ జరగలేదు.

జూన్‌లో బడి తెరిచాక గంగాధర్ సారు ఇంకో నాటకం రాసి పంపాడు. అశ్విని పదో తరగతికి వచ్చింది. వేషం వేస్తావా అని కుసుమ అడిగితే, పరీక్షలుండాయి మేడం, వేయను అంది. పోతూ పోతూ, పిల్లోల్లకు పాటలు కావాలంటే నేర్పిస్తానంది. ఇప్పుడు ఆఖరి పీరియడ్‌లో గ్రౌండులో ఇద్దరూ కనిపిస్తారు. ఒకరు పాట నేర్పుతారు, ఒకరు పరుగు నేర్పుతారు. ప్రతి పాట దగ్గరా గొడవే. ఈ చరణంలో కదిలితే పాట చెడిపోతాదని అశ్విని అంటుంది. కదలకపోతే పిల్లలు కొయ్యల్లాగా ఉంటారని మేడం అంటుంది. ఒక్కోసారి అశ్విని మాటే చెల్లుతుంది. చెల్లిన రోజు కుసుమ మేడం గ్రౌండు చుట్టూ ఒంటరిగా, వేగంగా నడుస్తూ ఉంటుంది. పిల్లలు మాత్రం నిలబడి పాడుతూ ఉంటారు.